దోషమే గుణమైన యంత్రము: గిటారు వాల్వు యాంప్లిఫయరు

రేడియో కొనదలచిన గృహస్థు అంగడిలో మొదట పరీక్షించునది ఒక్కటే: మాట స్పష్టముగా వినవచ్చునా, పాట ఉన్నది ఉన్నట్లు పలుకునా అని. గాయకుని కంఠమునకు గాని, వైణికుని మీటునకు గాని రేడియో తన సొంత స్వరమును చేర్చరాదు. చేర్చినచో అది దోషము. ఇంజనీరులు ఆ దోషమును వికృతి అందురు. దానిని నూటికి ఇన్ని పాళ్లని కొలిచి, ఆ పాళ్లను తగ్గించుటకే తమ నేర్పునంతను వెచ్చింతురు. అయితే ఈ వికృతినే కోరి, దానిని పెంచుటకే కూర్చబడు యంత్రమొకటి కలదు. అది వాల్వులతో నిర్మింపబడు విద్యుత్ గిటారు యాంప్లిఫయరు. నేటి మన ప్రసంగమునకు అదియే విషయము.

రేడియోగల ఇంటివారికి దీనితో నేమి పని యని శ్రోతలు సందేహింపవచ్చును. పని రెండు విధముల కలదు. పూర్వపు వాల్వు రేడియోలోని చివరి వాల్వును, చిన్న గిటారు యాంప్లిఫయరులోని చివరి వాల్వును ఒకే జాతికి చెందినవి. ఒకదానిని గ్రహించిన మరియొకటి తానే బోధపడును. ఇక, అటక మీది పాత రేడియోకు గిటారు తగిలించి చూతమను ఉబలాటము నేటి యువకులలో కొందరికి కలుగుచున్నది. ఆ ఉబలాటము ప్రాణము మీదికి తెచ్చు సందర్భములు కలవు. ఆ హెచ్చరికను తగిన చోట చెప్పెదము.

ముందుగా వికృతి యనగా నేమో చూతము. సంగీతజ్ఞులకు ఈ మాట కొత్త కాదు. షడ్జ పంచమములు ప్రకృతి స్వరములు, తక్కినవి వికృతి స్వరములు. అక్కడ వికృతి యన్నది నింద కాదు. మార్పు చెందునది అని మాత్రమే అర్థము. యంత్రశాస్త్రమునందును అంతే. లోపలికి పోయిన తరంగపు ఆకృతియు వెలుపలికి వచ్చిన తరంగపు ఆకృతియు ఒకటి కానపుడు, లోపల లేని స్వరములు కొన్ని వెలుపల పుట్టుచున్నవి. గిటారుపై సెకనుకు 110 కంపనములు గల తీగ నొకదానిని మీటితిమనుకొందము. వికృతి చెందిన ధ్వనిలో 220, 330, 440, 550 కంపనముల స్వరములు హెచ్చుగా చేరును. వీనినే అనుస్వరములందురు. 110ని షడ్జమని భావించినచో 220 పై స్థాయి షడ్జము, 330 ఆ స్థాయి పంచమము, 440 మరియొక స్థాయి పైని షడ్జము, 550 అచ్చటి అంతర గాంధారము. అనగా క్రింది అనుస్వరములు మూల స్వరమునకు చుట్టములే. ఏడవది మొదలు పైకి పోయినకొలది ఈ చుట్టరికము పలుచబడును. తొమ్మిదవది, పదకొండవది మితిమీరి చేరినపుడు చెవికి కరకుదనము తోచును. కావున వికృతి ఎంత యనునది ఒక ప్రశ్న. ఏ అనుస్వరములు ఏ పాళ్లలో అనునది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

అనుస్వరములను కోరి పెంచుకొనుట మనకు క్రొత్తవిద్య కాదు. తంబురా గుర్రము మీద తీగక్రింద జీవ యను దారపు పోగును జరుపుచు, తీగ జుమ్మని పలుకు చోటును వెదకుట మన సంప్రదాయమున ఉన్నదే. ఆ జుమ్మనుట అనుస్వరముల సమృద్ధియే. శ్రుతి కుదిరిన తంబురాలో, ఎవరును మీటని అంతర గాంధారము తానే వినవచ్చుట శ్రోతలు ఎరిగినదే. సర్ సి. వి. రామన్ 1921లో వీణ, తంబురాల గుర్రములను గూర్చి వ్రాయుచు, సామాన్య సూత్రము ప్రకారము పుట్టరాని అనుస్వరములు సైతము ఈ వాద్యములలో బలముగా వినవచ్చుచున్నవని తెలిపెను. మన పెద్దలు గుర్రముతో సాధించిన దానిని పాశ్చాత్యులు విద్యుత్ గిటారునందు వాల్వుతో సాధించిరి. పద్ధతులు వేరైనను చెవి కోరినది ఒకటే.

ఇక వాల్వు సంగతి. 1904లో ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును, 1906లో లీ డి ఫారెస్టు మూడు ధ్రువముల వాల్వును కనుగొనిరి. గాలి తీసివేసిన గాజుగొట్టములో వేడెక్కిన కాథోడు నుండి ఎలక్ట్రానులు వెలువడి ప్లేటును చేరును. నడుమనున్న గ్రిడ్డు ఆ ప్రవాహమునకు తూము తలుపు వంటిది. గ్రిడ్డుపై కొద్దిపాటి వోల్టు మార్పు ప్లేటుపై పెద్ద మార్పును కలిగించును. అయితే ఈ తలుపునకు రెండు హద్దులు కలవు. గ్రిడ్డు మిక్కిలి ఋణాత్మకమైనచో ప్రవాహము పూర్తిగా ఆగిపోవును, తలుపు మూసికొన్నట్లే. గ్రిడ్డు కాథోడు కంటె ధనాత్మకమైనచో గ్రిడ్డే ఎలక్ట్రానులను త్రాగివేయ మొదలిడును. అటుపై తరంగము ఎదుగదు. ఈ రెండు హద్దులను తాకిన తరంగపు శిరస్సు చదునగును. చదునైన తరంగమే వికృతి చెందిన తరంగము.

దుప్పటి కొలదియే కాళ్లు చాపవలెనని మన సామెత. రేడియో నిర్మాత దుప్పటిని పొడిగించుటకు పాటుపడును. అనగా తరంగము హద్దులను తాకకుండ చోటు కల్పించును. గిటారు యాంప్లిఫయరు నిర్మాత దుప్పటిని అట్లే యుంచి కాళ్లను పొడిగించును. ఈ రెండు కళల భేదము ఇంతియే.

తరంగము రెండు వైపుల సమానముగా చదునైనచో మూడు, అయిదు, ఏడు మొదలగు బేసి అనుస్వరములే పుట్టును. ఒక వైపు ఎక్కువగా, ఒక వైపు తక్కువగా చదునైనచో రెండు, నాలుగు మొదలగు సరి అనుస్వరములును చేరును. సరి అనుస్వరములు, ముఖ్యముగా రెండవది, ధ్వనికి నిండుదనమును, బేసివి పదునును ఇచ్చునని స్థూలముగా చెప్పవచ్చును. నిర్మాత చేతిలోని పగ్గములలో ఇది మొదటిది.

ఈ రెండు కళలు ఎంత చేరువలో నున్నవో చూపు చారిత్రక దృష్టాంతమొకటి కలదు. 1947లో విలియమ్సన్ అను ఇంజనీరు ఇంగ్లండులో ప్రకటించిన యాంప్లిఫయరు 15 వాట్ల శక్తి వద్ద నూటికి 0.1 పాలు కంటె తక్కువ వికృతితో లోకమును ఆశ్చర్యపరచెను. అందు వాడిన చివరి వాల్వు కె.టి. 66. సుమారు పదునైదేండ్లకు లండను పడమటి భాగమున హాన్వెల్ అను చోట, డ్రమ్ము వాద్యకుడును సంగీత పరికరముల వ్యాపారియు నైన జిమ్ మార్షల్ దుకాణములో మరియొక యాంప్లిఫయరు రూపొందెను. దాని పేరు జె.టి.ఎం. 45. అమెరికాలో లియో ఫెండరు బాస్ గిటారు కొరకు చేసిన బాస్‌మన్ యాంప్లిఫయరే దానికి మాతృక. దానిలోను కొలది కాలమునకే కె.టి. 66 వాల్వులు చోటు చేసికొనెను. వాల్వు ఒకటే; ఒకచోట నిర్మలత్వమునకు పేరుపడెను, మరియొకచోట గర్జనకు పేరుపడెను. భేదము వాల్వులో లేదు, దానిని నడిపిన తీరులో కలదు.

అంతకు ముందే వాద్యకులు ఈ రుచిని కనుగొనియుండిరి. 1951లో మెంఫిస్ నగరమున జరిగిన ఒక రికార్డింగులో దారిలో దెబ్బతిన్న స్పీకరులో కాగితము కూరి వాయించిరని చెప్పుదురు. 1964లో కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవిస్ ఒక చిన్న యాంప్లిఫయరు స్పీకరు శంకువును బ్లేడుతో కోసి, కోరిన కరకు ధ్వనిని పొందెను. 1966లో ఎరిక్ క్లాప్టన్ మార్షల్ యాంప్లిఫయరును మిక్కిలి బిగ్గరగా మ్రోగించి రికార్డు చేసిన పిదప ఈ ధ్వని యువకులకు ఆదర్శమయ్యెను. స్పీకరును చింపనక్కర లేకుండ, వలసినంత వికృతిని వలసినపుడు పొందునట్లు యంత్రమునే కూర్చుట ఎట్లు? ఇచ్చటినుండి నిర్మాణకళ ఆరంభమగుచున్నది.

మొదటి మెట్టు పెంపు. ఈ యంత్రములలో సర్వసామాన్యమైన చిన్న వాల్వు ఇ.సి.సి. 83. దీనికే 12 ఎ.ఎక్స్. 7 అని అమెరికా వారి పేరు. దీని వర్ధన గుణకము 100. బాస్‌మన్ మొదటి అంతస్తులో నుండిన 12 ఎ.వై. 7 వాల్వునకు అది సుమారు 44 మాత్రమే. మార్షల్ వారు ఆ స్థానమున ఇ.సి.సి. 83ను ఉంచుటతోనే వికృతి ముందుగా మొదలగుటకు వీలయ్యెను. ప్లేటునకు 1,00,000 ఓములు, కాథోడునకు 1,500 ఓములు, 25 మైక్రోఫారడుల కండెన్సరు, 300 వోల్టుల సరఫరా: ఈ విధముగా అమర్చిన అంతస్తు సుమారు 60 రెట్లు పెంచును. గిటారు నుండి 100 మిల్లీవోల్టులు వచ్చినచో అది 6 వోల్టులగును. తరువాతి అంతస్తు గ్రిడ్డు సుమారు ఒకటిన్నర వోల్టునకే హద్దును చేరును. కనుక 6 వోల్టుల తరంగమునకు నాలుగింట మూడు పాళ్లు చోటు చాలదు. ఆ రెండవ అంతస్తు కూడ 60 రెట్లు పెంచగలిగినచో 360 వోల్టులు రావలెను. 300 వోల్టుల సరఫరాపై అది కల్ల. రాలేని ఆ భాగమే చదునై అనుస్వరములుగా మారును. 1970 ప్రాంతమున కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ ఇట్లు అంతస్తు వెనుక అంతస్తు చేర్చి, నడుమ నడుమ వాల్యూము మరలను ఉంచు పద్ధతికి ప్రసిద్ధి తెచ్చెను. లోపలి మర వికృతిని నిర్ణయించును. చివరి మర గదిలోని చప్పుడును నిర్ణయించును. ఇరుగుపొరుగువారి నిద్రకు ఈ రెండవ మర చేసిన మేలు తక్కువది కాదు.

రెండవ మెట్టు ఒరపు, అనగా గ్రిడ్డు నిలుచు స్థానము. వాల్వును రెండు హద్దులకు సరిగా నడుమ నిలిపినచో రెండు వైపులను ఇంచుమించు సమానముగా చదునగును. ఒక హద్దునకు చేరువగా నిలిపినచో ఆ వైపే ముందుగా తెగును. 1975లో వెలువడిన మార్షల్ 2203 నమూనాలో ఒక అంతస్తునకు కాథోడు రెసిస్టరును 10,000 ఓములకు పెంచి, కండెన్సరును తొలగించిరి. దానివలన వాల్వు ప్రవాహము ఆగు హద్దునకు చేరువలో నిలిచెను. పెంపు ఎనిమిది తొమ్మిది రెట్లకు పడిపోయినను, తరంగపు ఒక అర్ధభాగము తెగి రెండవ అర్ధభాగము బ్రతికిపోవును. ఈ వంకరయే సరి అనుస్వరములకు పుట్టినిల్లు. పెంపు తగ్గినను రుచి హెచ్చినది. వంటలో కారము తగ్గించి పులుపు చేర్చినట్లు.

మూడవ మెట్టును క్రొత్తవారు తరచు మరచెదరు. మంద్ర స్వరములను వికృతికి ముందే తగ్గింపవలెను. గిటారు మోటు తీగ సెకనుకు 82 కంపనములు గలది. ఆ మంద్ర స్వరములు నిండు బలముతో తెగినచో ధ్వని బురదయై, స్వరములు ఒకదానిలో నొకటి కూరుకొనును. అందులకే మార్షల్ వారు ఒక అంతస్తులో కాథోడునకు 2,700 ఓములను, 0.68 మైక్రోఫారడు చిన్న కండెన్సరును వాడిరి. మిక్కిలి క్రింది స్వరములకు ఆ అంతస్తు సుమారు 23 రెట్లే పెంచును. పై స్వరములకు 60 రెట్లు పెంచును. దీనితోపాటు అంతస్తుల నడుమ కలుపు కండెన్సరును గమనింపవలెను. గ్రిడ్డు కరెంటును త్రాగినపుడెల్ల ఆ కండెన్సరు విద్యుత్తుతో నిండి, తరువాతి క్షణమున వాల్వును మూసివేయును. 0.1 మైక్రోఫారడునకు పది లక్షల ఓములు జతయైనచో అది తేరుకొనుటకు సెకనులో పదవ వంతు కాలమానము పట్టును, 0.022 మైక్రోఫారడైనచో అందులో అయిదవ వంతు కంటె కొంచెము హెచ్చు. మొదటి దానితో మీటిన స్వరము ఉక్కిరిబిక్కిరియై దగ్గినట్లుండును. చిన్న కండెన్సరును, గ్రిడ్డునకు ముందు పెద్ద రెసిస్టరును ఈ వ్యాధికి మందులు.

నాలుగవ మెట్టు చివరి అంతస్తు. ఒంటరి వాల్వుతో నడుచు చిన్న యాంప్లిఫయరులో రెండవ అనుస్వరము సహజముగా వినవచ్చును. 6 వి 6 వాల్వు ఒకటి గల ఫెండరు చాంపు దీనికి ఉదాహరణము. దాని శక్తి సుమారు 5 వాట్లు. మన వాల్వు రేడియోలలో అధికభాగము ఈ ఒంటరి పద్ధతివే. పెద్ద యాంప్లిఫయరులలో రెండు వాల్వులు ఎదురెదురుగా, ఱంపము లాగు ఇరువురి వలె వంతులవారీగా పనిచేయును. అచ్చట ఆ జంటలో పుట్టిన సరి అనుస్వరములు ఒకదాని నొకటి హరించుకొనును; బేసివే మిగులును. అయితే ముందటి అంతస్తులలో పుట్టి వచ్చిన సరి అనుస్వరములకు ఈ హరణము వర్తింపదు. కావున నిండుదనమును ముందటి అంతస్తులలోను, పదునును చివరి అంతస్తులోను పుట్టించుకొనవచ్చును.

ఇచ్చటనే ఋణాత్మక ప్రతిపోషణము మాట వచ్చును. వెలుపలి ధ్వనిలో కొంత వెనుకకు తెచ్చి, లోపలి దోషమును సరిదిద్దు ఈ ఉపాయమును 1927లో హెరాల్డు బ్లాక్ కనుగొనెను. రేడియోకు అది వరము. గిటారు యాంప్లిఫయరులో దానిని తగ్గించినచో వికృతి క్రమక్రమముగా, మెత్తగా మొదలగును. హెచ్చించినచో హద్దువరకు నిర్మలముగా నుండి, హద్దు దాటగనే హఠాత్తుగా తెగును. ఇంగ్లండు వారి వాక్స్ ఎ.సి. 30 యాంప్లిఫయరులో ఈ ప్రతిపోషణము అసలే లేదు. వాద్యకుని చేతి బలమునకు అది మెత్తగా స్పందించుటకు ఇది ఒక కారణము.

అయిదవ మెట్టు స్పీకరు. వికృతి పుట్టించిన అత్యున్నత స్వరములన్నియు చెవికి చేరినచో కందిరీగల తుట్టె కదిలినట్లుండును. పన్నెండంగుళముల గిటారు స్పీకరు సెకనుకు 5,000 కంపనములకు పైబడిన ధ్వనులను స్వయముగానే అణచివేయును. కావున పై స్వరములకై ప్రత్యేకించిన చిన్న స్పీకరును దీనికి తగిలింపరాదు. పప్పు ఉడికించుట ముందటి అంతస్తుల పని. పొట్టు తీసివేయుట స్పీకరు పని.

ఇంత చేసినను ఒక నియమము తప్పదు. రెండు స్వరములు కలిసి వికృతి చెందినపుడు అనుస్వరములేగాక, వాని మొత్తములును భేదములును స్వరములుగా పుట్టును. 220, 330 కలిసినచో భేదము 110, మొత్తము 550, రెండును చుట్టములే. ఇది షడ్జ పంచమముల జంట. అదే 220తో పాశ్చాత్య సమశ్రుతి గాంధారమగు 277ను కలిపినచో భేదము 57, మొత్తము 497. ఇవి దేనికిని చక్కగా అమరవు. ఘోరమైన వికృతితో వాయించు గిటారు బృందములు షడ్జ పంచమముల జంటలనే విస్తారముగా వాడుటకు ఇదియే శాస్త్రకారణము. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండలినుపై కర్ణాటక సంగీతమును పలికించినపుడు కోరినది ఇందుకు భిన్నము. గమకములోని సూక్ష్మ చలనము స్పష్టముగా వినవలెనన్నచో యాంప్లిఫయరు నిర్మలముగానే ఉండవలెను. యంత్రము మంచిదా చెడ్డదా యని గాక, ఏ సంగీతమునకు అను ప్రశ్నతో నిర్మాణము మొదలు కావలెను.

పెంపు హెచ్చినకొలది రొదయు పెరుగును. మొదటి గ్రిడ్డుపై 1 మిల్లీవోల్టు రొద ఉన్నచో, 60 రెట్ల అంతస్తులు రెండు దాటునప్పటికి అది 3.6 వోల్టులగును. హీటరు తీగలను మెలిపెట్టి మూలగా నడుపుట, మొదటి వాల్వునకు తొడుగు వేయుట, మన 50 కంపనముల సరఫరా నుండి పుట్టు 100 కంపనముల గుమ్మనుటను పెద్ద కండెన్సరులతో అణచుట, వచ్చు తీగను పోవు తీగకు దూరముగా నుంచుట: ఈ చాకిరి లేనిదే పెంపు నిష్ప్రయోజనము.

ఇక ముందే మాట యిచ్చిన హెచ్చరిక. వాల్వు యాంప్లిఫయరులో 300 నుండి 450 వోల్టుల విద్యుత్తు ఉండును. స్విచ్చి ఆర్పిన పిదప కూడ కండెన్సరులలో అది నిలిచియుండును. దానిని తగిన రెసిస్టరు ద్వారా దింపి, మీటరుతో కొలిచి చూడనిదే చేయి పెట్టరాదు. స్పీకరు తగిలింపకుండ వాయించినచో చివరి ట్రాన్స్‌ఫార్మరు చెడును. అన్నింటికంటె ముఖ్యమైనది ఇది: పూర్వము ఏ.సి., డి.సి. రెంటితోను పనిచేయుటకు చేసిన రేడియోలలో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు లేదు. వాని లోపలి ఇనుపపీఠము నేరుగా కరెంటు తీగకు కలిసియుండును. గిటారు తీగలు సాధారణముగా యాంప్లిఫయరు పీఠముతో కలిసియుండును. అట్టి రేడియోకు గిటారు తగిలించినచో వాద్యకుని వ్రేళ్లు కరెంటు తీగ మీద నున్నట్లే. 1972 మే నెలలో వేల్సులోని స్వాన్సీ నగరమున లెస్లీ హార్వే అను గిటారు వాద్యకుడు కచేరీ వేదికపై, గిటారు చేతనుండగా, ఎర్తు సరిగాలేని మైక్రోఫోనును తాకి మరణించెను. కావున ట్రాన్స్‌ఫార్మరు లేని రేడియోకు గిటారును ఎన్నడును తగిలింపరాదు. ట్రాన్స్‌ఫార్మరు గల యంత్రమునకైనను మూడు కాళ్ల ప్లగ్గు, నిజమైన ఎర్తు తప్పనిసరి. అనుభవము గల మెకానిక్కు చూడనిదే పిల్లలను దాని దరి చేరనీయరాదు.

బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒకప్పుడు మన రేడియోలకు వాల్వులను చేసి యిచ్చెను. ట్రాన్సిస్టరు వచ్చిన పిదప రేడియోలనుండి వాల్వు తప్పుకొనెను. అయినను స్లొవాకియా, రష్యా, చైనా దేశములలో ఇ.సి.సి. 83 వంటివి నేటికిని తయారగుచున్నవి. వానిని కొనువారిలో గిటారు వాద్యకులు ముఖ్యులు. కంప్యూటరు గణితముతో వాల్వు ధ్వనిని అనుకరించు పెట్టెలును వచ్చినవి. అవి అనుకరించుటకు ప్రయాసపడునది, పూర్వపు ఇంజనీరు తుడిచివేయుటకు ప్రయాసపడిన ఆ చదునుదనమునే.

రేడియో దూత వంటిది. దూత పంపినవాని మాటనే చెప్పవలెను. తన మాట చేర్చరాదు. గిటారు యాంప్లిఫయరు దూత కాదు, వాద్యమునకు గల రెండవ బుర్ర. వీణకు కుండ ఎట్లో, విద్యుత్ గిటారునకు అది అట్లు. దూతకు దోషమైనది బుర్రకు గుణము కావచ్చును. ఈ వివేకము గల నిర్మాత చేతిలో వికృతియు శ్రుతిలోనే నిలుచును.